మషైరెబ్ ప్లాట్‌ఫాంపై చోంగ్‌చింగ్ గండం

"ఇక్కడ మధ్యాహ్నం రెండయితే చైనాలో రాత్రి ఏడు. చోంగ్‌చింగ్ నగరంలో భూమికింద లోతున ఉన్న మెట్రో స్టేషన్ అప్పుడు కిటకిటలాడుతుంది. ఒక్క మెసేజ్ వెళితే ఫైర్ డోర్లు బిగుసుకుంటాయి, గాలి ఫ్యాన్లు ఆగిపోతాయి. పంపేవాడు దోహాలో, మషైరెబ్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఉంటాడు. తెలంగాణ కూలీ వేషంలో."

చీఫ్ బ్రీఫింగ్ అంతే.

ఏజెంట్ లింబాద్రికి దక్కింది క్లీనర్ వేషం. మాప్, సబ్బునీళ్ల బకెట్, చెవిలో మినపగింజంత ఇయర్‌పీస్. ఈ కుట్ర పన్నిన ముఠా తమ మనిషే అనుకుంటున్న డబుల్ ఏజెంట్ నూరైన్ వాళ్ల తరఫున కాపలాకు వస్తుంది. పంపేవాడి మొహం ఆమెకూ తెలియదు. ఆమె మొగుడి వేషం మాత్రం చిరంజీవికిచ్చారు. ట్రైనింగ్‌లో ప్రతి పరీక్షలోనూ లింబాద్రి వెనకే ఉన్నవాడికి! నూరైన్ మీద మనసుపడ్డ లింబాద్రికి ఒళ్లు మండిపోయింది.

1:57. కాళ్లదాకా జారే నల్ల అబాయాలో నూరైన్, పక్కన సెంటు గుబాళిస్తూ చిరంజీవి. ఆమె భుజం మీద దారప్పోగు తీశాడు. పోగు తీయడానికి అంతసేపా? లింబాద్రి తుడిచినచోటే ఐదుసార్లు తుడిచాడు.

"లింబాద్రీ, వాడు కనిపించాడా?" చెవిలో చీఫ్.

ఉలిక్కిపడి చూపు తిప్పాడు. శుక్రవారం, సెలవు. లేబర్ క్యాంపుల నుంచి వచ్చిన మనవాళ్లు వందలమంది, ఇస్త్రీ చొక్కాల్లో, నూనె రాసి దువ్విన తలలతో. వాళ్లమధ్య ఒక్కడు మాత్రం పనిలో తొడిగే కంపెనీ కవరాల్‌లో, నెత్తిన హెల్మెట్‌తో నిలబడ్డాడు. వారమంతా చెమటలో నానిన ఆ బట్టల్ని జుమ్మా రోజు కూడా తొడుక్కుని షికారుకొచ్చే పిచ్చివాడు ఏ క్యాంపులోనూ ఉండడు. ఆ సంగతి ముఠాకు ఎవరూ చెప్పినట్టు లేదు.

లింబాద్రి బకెట్ తోసుకుంటూ దగ్గరికెళ్లాడు. "ఏ క్యాంప్ అన్నా? గియ్యాల గూడ డ్యూటీయేనా?"

వాడు నవ్వాడు. తెలుగు ముక్క అర్థమైనట్టు లేదు. బొటనవేలు ఫోన్ మీదికి దిగుతోంది. 1:59:58.

లింబాద్రి వాడి మణికట్టు విరిచి, చేతితో సహా ఫోన్‌ను బకెట్‌లో ముంచేశాడు. స్క్రీన్ ఆరిపోయింది. మఫ్టీ పోలీసులు వాణ్ణి ఈడ్చుకుపోయారు.

నూరైన్ పరుగున వచ్చింది. "షాబాష్ లింబాద్రి భాయ్! జర ఈ నీళ్లు తుడువు, మా ఆయన జారిపడ్తడు."

"మిషన్ ఒడిసింది గదా. ఇంక మా ఆయనేంది?"

చిరంజీవి సిగ్గుపడ్డాడు. "పోయిన నెలే రిజిస్టర్ మ్యారేజీ చేసుకున్నాం గురూ. నీకు చెబుదామనే అనుకున్నాం."

"లింబాద్రీ, రిపోర్ట్!" చెవిలో చీఫ్. "ప్రాణనష్టం?"

"చైనాల అందరు మంచిగున్నరు సార్," అన్నాడు లింబాద్రి మాప్ అందుకుంటూ. "ఈడ ఒక్కడే పోయిండు."