యమున పేరు నేను తియ్య

శేరిగూడల మా ఇంజనీరింగ్ కాలేజీ. సాయంత్రం నుంచి ముసురు పట్టింది. ల్యాబుల నేను, అటెండర్ భిక్షం తాత తప్ప ఇంకెవ్వరు లేరు. తెల్లారితే ప్రాజెక్టు చూపియ్యాలె. సారేమో, "నర్మదా, యమున పేరు తీసెయ్. లేకుంటే మార్కులు వెయ్యను" అని చెప్పి పోయిండు.

యమున ప్రాజెక్టుల నా జోడి. పోయిన నెల సాగర్ రోడ్డు మీద లారీ గుద్ది పానం పోయింది. సగం ప్రోగ్రాం దాని కష్టమే. ఎట్ల తీస్త? నాకు ఒళ్లు మండింది.

మా ప్రోగ్రాం కాలేజీ బస్సు కోసం. బస్సు వచ్చేదాకా గేటు కాడ పడిగాపులు పడే పని లేదు. "వచ్చినంక పిలువు" అని ఒక ఫంక్షన్‌కు అప్పజెప్పి మన పని మనం చూసుకోవచ్చు. సర్వర్ నుంచి కబురు రాంగనే అది పిలుస్తది. కాల్‌బ్యాక్ అంటే గంతే. పిలిచే గొంతు యమునది. "బస్సొచ్చింది" అని ఒక్క మాట రికార్డు చేసి పెట్టింది.

చీకటి పడంగనే కరెంటు పోయింది, నెట్టు పోయింది. నా ల్యాప్‌టాప్ ఒక్కటే బ్యాటరీ మీద వెలుగుతున్నది. తడిసిన మట్టి వాసన... దాని ఎనక డీజిల్ వాసన.

"నర్మదా... బస్సొచ్చింది."

ఒళ్లు జల్లుమంది. నెట్టే లేదు, కబురు ఎట్ల వచ్చింది? ఆ రికార్డుల నా పేరు లేనే లేదు.

"పలకకు బిడ్డ," తాత గుసగుసలాడిండు. "పొద్దుగూకినంక మూడుసార్లు పిలిస్తేనే పలకాలె. దయ్యం మూడోసారి పిలువదు."

"నర్మదా... బస్సొచ్చింది."

నోరు మూసుకొని కూసున్న. వాన ఆగింది. కిటికీ అవతల ఇంజన్ చప్పుడు...

"నర్మదా."

మూడోసారి. తాత నా భుజం గట్టిగ పట్టుకున్నడు. ఎందుకో భయం పోయి కోపమొచ్చింది. లేచి నిలబడ్డ.

"ఆ, పలుకుతున్న. నేను రాను పో. నీ పేరు మాత్రం తియ్య. సారు కాదు, ఆయన ముత్తాత వచ్చి చెప్పినా తియ్య."

ఇంజన్ చప్పుడు ఆగింది.

తెల్లారి రెండు పేర్లు పెట్టే చూపించిన. సారు మొఖం మాడ్చుకున్నడు. "చెప్తే వినవా?"

"వినను సార్."

మార్కులు వెయ్యబోయి పెన్ను పట్టుకొని అట్లనే ఆగిండు. ల్యాబుల ఎవ్వరం ఆయనను పిలువలేదు. సారు మెల్లగ కిటికీ దిక్కు తిరిగిండు.

"ఆ... వస్తున్న," అన్నడు.