సూదిమందు ఏజెంట్

ఏజెంట్ జగదీశ్వర్ స్టెతస్కోపులో వింటున్నది ఎదురుగా కూర్చున్న ముసలాయన గుండెను కాదు, హైదరాబాద్‌లో ఉన్న చీఫ్ గొంతును.

"సిల్వర్ క్యాప్ ముఠా కదిలింది. విదేశంలో తయారైన సరుకు ఈ ఉదయం మంచిర్యాల స్టేషన్‌లో దిగింది. సీసా మీద మెరోపెనం అని ఉంటుంది. లోపల చిటికెడు మందు, మిగతాదంతా ఉప్పు. ఏ ఆసుపత్రికి వెళ్తోందో కనిపెట్టు. ఆపు. ఓవర్."

"లోపల మంచిగనే ఉన్నదా డాక్టర్ సాబ్?" అన్నాడు ముసలాయన.

"మంచిగనే ఉన్నది కాక. ఫికర్ చెయ్యకు" అన్నాడు జగదీశ్వర్, గొట్టంలో దాచిన రేడియో ఆపేస్తూ.

ముఠా సరుకు కోసం కాపు కాస్తూ గోదావరిఖనిలో ఆర్ఎంపీ వేషం వేసి ఏడాదయింది. మొదట్లో నిజాయితీగానే ఉన్నాడు. విరేచనాలతో వచ్చినవాళ్లను ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగమన్నాడు. వారం తిరిగేసరికి క్లినిక్‌లో ఈగలు తోలుకోవాల్సి వచ్చింది. బొగ్గుబావిలోకి దిగే మనిషికి మస్టర్, అంటే ఆ రోజు హాజరు, పోకూడదు. సూది వేయించుకుని అటు నుంచి అటే డ్యూటీకి పోవాలి. సూది వెయ్యనివాణ్ణి ఈ ఊళ్లో వైద్యుడనరు.

"కవర్ పోగొట్టుకోకు, వేషం బయటపడకూడదు" అన్నాడు చీఫ్. ఇంకేముంది, జలుబుకూ సూది, ఒళ్లు నొప్పులకూ సూది. వెంట నాలుగు యాంటీబయాటిక్ బిళ్లలు. ఒంట్లో కాస్త తేలికపడగానే మిగిలిన బిళ్లలు పప్పుడబ్బా వెనక చేరేవి, ఇంట్లో ఇంకెవరికైనా పనికొస్తాయని. క్లినిక్ కిటకిటలాడింది. ఇంతకంటే మంచి వేషం లేదని చీఫ్ మెచ్చుకున్నాడు కూడా.

ముసలాయన వెళ్లగానే స్కూటీ ఆగింది. నల్లకళ్లద్దాలు, సిల్కు చీర, చేతిలో మెడికల్ రెప్ బ్యాగు. బజారు బజారంతా తలతిప్పి చూసింది.

"డాక్టర్ గారూ, దుమ్ము దగ్గుకి కొత్త సిరప్ తెచ్చాను."

"ఓపెన్‌కాస్ట్ గని దుమ్ముకు సిరప్ పనిచేయదు మేడమ్."

కోడ్ కలిసింది. మైత్రి. ముఠా జీతం తీసుకుంటూ చీఫ్‌కి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె అసలు ఎవరి మనిషో చీఫ్‌కి కూడా పూర్తిగా తెలియదు.

"సరుకు చౌరస్తా వెనక నర్సింగ్ హోమ్‌కి చేరిపోయింది. మొదటి సీసా ఐసీయూలో ఉన్న లింగవ్వకి పెడుతున్నారు" అంది.

లింగవ్వ క్లినిక్ ఎదురుగా టిఫిన్ బండి నడుపుతుంది. ఏడాదిగా పొద్దున్నే సర్వపిండి తెచ్చి, జగదీశ్వర్ తినేదాకా కదిలేది కాదు. మొన్న చలిజ్వరం వచ్చి దవాఖానలో చేరింది.

"ల్యాబ్‌లో అడిగాను. ఈ-కోలి అనే క్రిమి. అందరి పేగుల్లోనూ ఉండేదే. ఆవిడకి మూత్రంలోకి, అక్కణ్ణుంచి రక్తంలోకి ఎక్కింది. మామూలు మందులు ఒక్కటీ దాని మీద పనిచెయ్యట్లేదు. మిగిలింది మెరోపెనం ఒక్కటే."

"దుర్మార్గులు! వాళ్ల నకిలీ మందులతోనే క్రిములిలా మొండికేశాయి."

మైత్రి కళ్లద్దాలు తీసింది. "ముఠా సరుకు ఈ ఊళ్లోకి రావడం ఇదే మొదటిసారండీ. ఇన్నాళ్లూ ఆవిడకి మందులిచ్చిందెవరు?"

అరకొర మందుకు చావని క్రిములే ఇలా రాటుదేలతాయని జగదీశ్వర్‌కు తెలుసు. లింగవ్వ మూత్రంలో మంటని వచ్చిన ప్రతిసారీ పరీక్ష లేదు, పాడు లేదు, ఒక సూది పొడిచి, నాలుగు బిళ్లలిచ్చి పంపింది తనే. అన్నం పెట్టిన చేతికే పొడిచాడు. ఆమె పోతే చంపింది ముఠా కాదు, తను.

ఇద్దరూ ఐసీయూలోకి దూసుకెళ్లేసరికి నర్సు మమత మందు కలిపి సెలైన్ గొట్టానికి తగిలిస్తోంది. పక్కన తెల్లకోటు వేసుకున్న మనిషి. ఊరంతా బొగ్గు దుమ్ముంటే అతని బూట్లు మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి.

"సిస్టర్, ఆపు!"

జగదీశ్వర్ ఖాళీ సీసా మీదికి పెన్‌టార్చ్ తిప్పాడు. అతినీలలోహిత కాంతి. అసలు లేబుల్ అయితే ఆకుపచ్చగా మెరవాలి. మెరవలేదు. గొట్టంలో మందు లింగవ్వ మణికట్టు దాకా వచ్చేసింది. చివరి క్షణంలో గొట్టాన్ని పిడికిట్లో నలిపి, సూది దగ్గర ఊడబెరికాడు.

తెల్లకోటు చేతిలోకి సైలెన్సర్ పిస్తోలు వచ్చింది. "మైత్రీ, వాణ్ణి పట్టుకో!"

మైత్రి హ్యాండ్‌బ్యాగులోంచి సెంటు సీసా తీసింది. ఒక్క క్షణం జగదీశ్వర్ వైపు పట్టింది. గిర్రున తిరిగి అందులోని మత్తుమందు తెల్లకోటు మొహాన కొట్టింది. వాడు కుప్పకూలాడు.

"అసలు మెరోపెనం నా బ్యాగులో ఉంది. తొందరగా పెట్టండి సిస్టర్" అంది. దాని లేబుల్ ఆకుపచ్చగా మెరిసింది.

ముఠా మొత్తం సాయంత్రానికల్లా దొరికింది. నాలుగో రోజుకు లింగవ్వ లేచి కూర్చుంది.

"నువ్వే బతికించినవట బిడ్డా. నీ సూది గంత మంచిది."

"కాదవ్వా. నేనిచ్చిన సూదులతోనే నీకీ గతి పట్టింది. తప్పు నాదే."

"ఊకో బిడ్డా, మజాక్ చేస్తవు" అని నవ్వి అతని తల నిమిరింది. తిట్టినా బాగుండేది. ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ అతను కళ్లెత్తలేకపోయాడు.

మిషన్ సక్సెస్, వెంటనే వచ్చెయ్యమన్నాడు చీఫ్. ఒక్కరోజు కావాలని అడిగి జగదీశ్వర్ క్లినిక్ తెరిచాడు. గనిలో పైకప్పుకు ఆసరాలు నిలబెట్టే సపోర్ట్‌మన్ ఎల్లన్న పొట్ట పట్టుకుని వచ్చాడు.

"రాత్రి సంది విరేచనాలు. జల్ది సూదెయ్యి డాక్టర్ సాబ్, సెకండ్ షిఫ్టుకు పోవాలె."

"సూది అక్కర్లేదన్నా. ఈ ఉప్పు చక్కెర పొడి నీళ్లల్ల కలుపుకొని తాగు. ఇయ్యాల డ్యూటీ బంద్ పెట్టు. రెండు దినాలల్ల తగ్గుతది. రక్తం పడితే మాత్రం పెద్ద దవాఖానకు పో."

ఎల్లన్న పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గోడ మీద డాక్టర్ అని రాసున్న బోర్డును చూశాడు. ఆపైన జగదీశ్వర్‌ను ఎగాదిగా చూశాడు.

"నిజం చెప్పు. నువ్వసలు డాక్టర్‌వేనా?"

ఏడాదిపాటు విదేశీ ముఠా కనిపెట్టలేకపోయిన రహస్యాన్ని, ఒక్క సరైన వైద్యం చెయ్యగానే ఎల్లన్న కనిపెట్టేశాడు.