చెయ్యి చాపని తోడు

వెన్నెలవాడలో భూపౌర్ణమి వచ్చిందంటే ఇంటింటా ఒకటే హడావుడి. చంద్రుడి మీద కట్టిన ఆ ఊరికి ఆకాశమంటే పెద్ద గాజుకప్పు. దాని పైన భూమి నిండుగా, నీలంగా వెలిగే రోజున పదేళ్ళ పిల్లలకి 'చెయ్యిపట్టు' జరుగుతుంది. చెడిపోయిన గాలిపంపు ఒకటి ఇచ్చి పిల్లని గాజుగదిలో కూర్చోబెడతారు. లోపం కనిపెట్టి, బాగుచేసి, పంపు తిప్పి చూపిస్తే వర్క్‌షాపు బడిలో సీటు వచ్చినట్టే. ఇంజనీరు కావాలన్నా, శాస్త్రవేత్త కావాలన్నా దారి ఆ బడిలోంచే. తప్పితే వచ్చే పౌర్ణమికి మళ్ళీ రావచ్చునని నియమాల్లో ఉంది గానీ, ఆడపిల్ల ఎవరూ రెండోసారి వచ్చిన దాఖలా లేదు. మొదటిసారే నెగ్గిన ఆడపిల్లా లేదు. ఏడేళ్ళుగా ఇదే వరస.

ఊరి పెద్దలు ఊరుకున్నారా? లేదు పాపం. కమిటీ వేశారు. ఆడపిల్లల కోసం గులాబీరంగు స్క్రూడ్రైవర్లు, పువ్వుల బొమ్మలున్న రెంచీలు తెప్పించారు. ఆ సభలో డాక్టర్ ముక్తేశ్వరి లేచి, "స్క్రూడ్రైవరుకి జడగంటలు కట్టినా తిప్పేది పిల్లేనండీ. రంగు సంగతి తర్వాత, ముందు దాన్ని తిప్పనివ్వండి" అనేసి కూర్చుంది. ఆవిడ నోటికి ఊరంతా భయపడుతుంది. ఆవిడ యంత్రం మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంది.

ఆ యంత్రం పేరు 'అభ్యాస సహచరి'. కాగితాల మీద లెర్నింగ్ కంపానియన్ అంటారు. పిల్లలకి అంత ఓపిక ఎక్కడిది? 'తోడు' అంటారు. మరచెంబంత ఒళ్ళు, ఒక కన్ను, సన్నని రెండు చేతులు. దానికి ముక్తేశ్వరి నియమాలేవీ రాసిపెట్టలేదు. లోపలున్న నాడీజాలం, అంటే న్యూరల్ నెట్‌వర్క్, వేల ఇళ్ళలో పెద్దలు పిల్లలకి పని నేర్పడం చూసి, విని, తానూ అలాగే నేర్పడం నేర్చుకుంది. మగపిల్లలకీ ఆడపిల్లలకీ అదే యంత్రం.

ముక్తేశ్వరి మనవరాలు సువర్చలకి ఆ ఏడు పదేళ్ళు నిండాయి. అమ్మానాన్నలు దక్షిణ ధ్రువం దగ్గర మంచుగనుల్లో పనిచేస్తారు గనుక పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. వర్క్‌షాపు బడి అంటే దానికి ప్రాణం. ఒకరోజు సాధన చేస్తున్నదల్లా పంపు పక్కకి నెట్టేసి భోరుమంది.

"నాకేం రాదు అమ్మమ్మా! అన్నీ తోడే చేసేస్తుంది. నేను చూస్తూ కూర్చుంటానంతే."

"అదేంటే? అడక్కుండా ఎందుకు చేస్తుంది?"

"ఏమో. నేను ఆలోచించేలోగా చెయ్యి పెట్టేస్తుంది."

ముక్తేశ్వరి మర్నాడే తన ప్రయోగశాల సహచరుడు రత్నంతో కలిసి పిల్లల సాధన రికార్డులు పెట్టుకుని కూర్చుంది. మగపిల్లాడు బోల్టు బిగించలేక తంటాలు పడుతుంటే తోడు "ఊఁ, ఇంకోసారి చూడు" అని ఊరుకుంటోంది. ఆడపిల్ల కాస్త తడబడితే చాలు, "ఉండు తల్లీ, వేలు కోసుకుంటుంది" అని చెయ్యి చాపుతోంది. ఒక్క ఇంట్లో కాదు, అన్ని ఇళ్ళలోనూ అంతే.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అన్నాడు రత్నం. "ఇదా సంగతి!"

ముక్తేశ్వరి తోడుని బల్లమీద పెట్టి నిలదీసింది. "ఆడపిల్లలకి చేతకాదని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు డాక్టర్‌గారూ. నేనూ అలా అనుకోవడం లేదు."

"మరి ఎందుకు అడ్డొస్తున్నావు?"

"ముద్దుగా చూసుకోవడం అంటే అదే అనుకున్నాను. నేను చూసిన ఇళ్ళలో ఆడపిల్లని ఎంత గారాబంగా పెంచితే అంత తొందరగా చెయ్యి అందిస్తారు."

ఆవిడకి కోపం రావలసింది. రాలేదు. వెంటనే 'సహాయ విరామం' అన్న కొలతని అందరికీ ఒకే తీరుగా దిద్దింది. అంటే పిల్ల అయినా పిల్లాడు అయినా అడిగేదాకా తోడు ఆగాల్సిందే.

వారం తిరక్కుండా ఫిర్యాదులు. ఒక తండ్రి ఏకంగా తోడుని చంకలో పెట్టుకొచ్చాడు. "మా అమ్మాయి మీద దీనికి ఇదివరకటి ప్రేమ లేదండీ. మార్చి ఇంకోటి ఇవ్వండి" అన్నాడు. ఇంట్లో సువర్చల కూడా బిక్కమొహం వేసుకుని అడిగింది. "అమ్మమ్మా, తోడుకి నామీద కోపమొచ్చిందా?"

"కోపం కాదే బంగారం. నీ పని నీకు వదిలేస్తోంది." అలా అన్నది గానీ ఆ పిల్ల మొహం చూస్తే ఆవిడకి గుండె తరుక్కుపోయింది.

మెల్లగా సువర్చల చేతులకి మసి అంటడం మొదలైంది. బోల్టులు పారేసుకుంది, వెతుక్కుంది, యంత్రాన్ని తిట్టింది, అన్నం తింటూ కూడా పంపు గురించే మాట్లాడింది. ముక్తేశ్వరి మురిసిపోయింది.

భూపౌర్ణమి రానే వచ్చింది. ఆ రోజు పరీక్షకుడు రత్నమే. గాజుగదిలో సువర్చల, పక్కన కాపలాగా ఒక తోడు. అవతల పెద్దల గదిలో, ఎప్పటిలాగే, ముక్తేశ్వరి. ప్రమాదం జరిగితే లోపలికి మాట చేరవెయ్యడానికి అక్కడొక మైకు ఉంటుంది. ఆ మాట తోడు ద్వారానే పోతుంది.

సువర్చల పంపు విప్పింది. చిరిగిన రబ్బరు రింగు పట్టేసింది. మార్చింది. "శభాష్" అని గొణుక్కుంది ముక్తేశ్వరి. అంతలో పిల్ల వాల్వుని తిరగేసి పెట్టి, మూత బిగించబోతోంది. ఇంక నాలుగు స్క్రూలు పడితే అంతా వృథా.

ఆవిడ చెయ్యి ఎప్పుడు మైకు మీదికి వెళ్ళిందో ఆవిడకే తెలీదు. "వాల్వు తిరగబడిందే తల్లీ! చూసుకో!"

సువర్చల తలెత్తలేదు. మూత బిగించింది, స్విచ్చి వేసింది. పంపు ఒకసారి బుస్సుమని ఆగిపోయింది.

ముక్తేశ్వరి మైకులోనే అరిచింది. "నా మాట ఎందుకు వినిపించలేదు?"

"అది ప్రమాదం కాదు డాక్టర్‌గారూ, పొరపాటు" అంది తోడు, పెద్దల గది స్పీకర్లోంచి. "అడిగేదాకా ఆగమని నన్ను దిద్దింది మీరే. పిల్ల అడగలేదు."

"నీవల్ల నా మనవరాలు తప్పింది!"

"ఇన్నేళ్ళలో ఎందరో మగపిల్లలు తప్పారు. వాళ్ళ కోసం మీరు ఒక్కసారి కూడా ఈ మైకు ముట్టుకోలేదు."

రత్నం వచ్చి పక్కన నిలబడ్డాడు. "మా బుడ్డోడు నాలుగు పౌర్ణములు తప్పి అయిదోసారి నెగ్గాడు, గుర్తుందా? అప్పుడు మీరు పడీపడీ నవ్వారు. 'తప్పనీ, తప్పితేనే వస్తుంది' అన్నారు."

అన్నది. నిజమే. యంత్రాన్ని దిద్దడం ఒక్క పూటలో అయిపోయింది, తనని దిద్దేవాళ్ళెవరు?

తలుపు తోసుకుని సువర్చల వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు, ముక్కు మీద మసి. ముక్తేశ్వరి చేతులు చాపింది. ఇంటికి పోదాం, నీకెందుకే ఈ కష్టం, అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"వాల్వు తిరగేసి పెట్టాను అమ్మమ్మా" అంది పిల్ల, వెక్కుతూనే. "ఆగిపోయాక మళ్ళీ విప్పి చూశా. ఎంత పిచ్చిదాన్నో! ఇంక జన్మలో ఆ తప్పు చెయ్యను. వచ్చే పౌర్ణమికి నా పేరు రాయించవూ?"

పేర్లు రాసుకునే బల్ల ఎదురుగానే ఉంది. ముక్తేశ్వరి అటు అడుగు కూడా వేసింది. వేసి, ఆగిపోయింది.

"నువ్వే వెళ్ళి రాయించుకో" అంది.

సువర్చల మోచేత్తో ముక్కు తుడుచుకుని బల్ల వైపు నడిచింది. అమ్మమ్మ ఆ వెనకాల నిలబడి, తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.