తెల్లరాతి దొరసాని

"కుక్క వద్దంటే వద్దు," అంది ఇడోనీ, మూడోసారి.

"దొరసానుల బొమ్మ కాళ్ళ దగ్గర కుక్కపిల్ల ఉండడం ఆచారం," అన్నాడు వారిన్ దొర, రొట్టెముక్కను బీరులో ముంచుకుంటూ.

"ఎవరి ఆచారమండీ? ముప్పై ఏళ్ళ కాపురంలో నేనొక్క కుక్కనైనా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నానా? మీ వేటకుక్కలు నా పరుపు మీద ఈనితే తిట్టుకుంటూ దుప్పట్లు ఉతికించాను. పోయాక కూడా నాకు వాటి పీడేనా?"

కిటికీ దగ్గర కుట్టుపని పట్టుకుని కూర్చున్న కూతురు అమబెల్ పకపకా నవ్వింది. "పిల్లిని చెక్కించుకో అమ్మా. నాన్నగారి కాళ్ళ దగ్గర సింహం ఉంటుందట కదా, జాతి కలుస్తుంది."

"నువ్వు నీ సూది చూసుకో," అన్నాడు దొర. మామూలుగా అయితే కూతురి మాటకి ఆయనే ముందు నవ్వుతాడు. ఈవేళ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు.

గడిచిన చలికాలంలో దొరకి జ్వరం వచ్చి ప్రాణం మీదకి తెచ్చింది. లేచి కూర్చోగానే ఆయన అడిగిన మొదటి మాట, నాటింగ్‌హామ్ నుంచి శిల్పిని పిలిపించమని. బతికుండగానే తన సమాధి తను చూసుకోవాలట. హార్ల్స్‌బీ చర్చిలో, వేదికకి ఎడమపక్కన, తెల్లరాతి మంచం మీద దొర, పక్కన దొరసాని. నాలుగు రోజుల క్రితం థర్‌స్టన్ అనే ఆ శిల్పి వచ్చి, తోలుకాగితం మీద గీసిన బొమ్మ ఇడోనీకి చూపించాడు. అందులో దొర కుడిచెయ్యి దొరసాని చేతిని పట్టుకుని ఉంది. ఇప్పుడు అలా చెక్కడం కొత్త పద్ధతిట.

ఆ చెయ్యి చూసినప్పట్నుంచీ ఇడోనీ మనసు మనసులో లేదు. బతికుండగా నలుగురిలో ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నది పెళ్ళిరోజు ఒక్కసారే. మిగతా కాలమంతా ఆయన యుద్ధాల్లోనో వేటలోనో ఉంటే, ఈ దివాణం, ధాన్యపు కొట్లు, పనివాళ్ళ తగవులు, జ్వరాలు, అన్నీ ఆమె చేతుల మీదే నడిచాయి. పోనీలే, రాతిలోనైనా పట్టుకుంటాడు అనుకుంది. ఆ సంతోషం బయటపడకుండా ఉండడానికే ఈ కుక్క తగువు. గుంటలు పడ్డ చుబుకాన్ని కొంచెం సరిచేసి చెక్కమనీ, తలమీద ముసుగు మరీ పాతకాలపు ముసలమ్మలా వద్దనీ శిల్పికి నిన్ననే చెప్పి వచ్చింది. ఆ మనిషి అన్నింటికీ తలైతే ఊపాడు గానీ ఒక్కటీ రాసుకోలేదు.

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. థర్‌స్టన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కనుబొమల మీద కూడా తెల్లటి రాతిపొడి.

"దొరవారూ, రాయి మీద గీతలు గీసుకుంటున్నానండీ. ఒక్క సందేహం. దొరసానిగారి పైవస్త్రం మీద వంశచిహ్నం ఉంది కదా, ఆ హంస మెడ ఎటు తిరిగి ఉండాలి?"

అమబెల్ సూది ఆగిపోయింది.

"హంసేమిటయ్యా?" అంది ఇడోనీ నవ్వుతూ. "మా నాన్నగారిది హంస కాదు. మూడు గోధుమపనలు. ఎరుపు మీద పసుపు. ఎక్కడో పొరపాటు పడ్డావు."

థర్‌స్టన్ ఆమెను చూశాడు, దొరను చూశాడు, టోపీని వేళ్ళ మధ్య తిప్పాడు. "నాకు... నాకు రాసిచ్చింది రోహీస్ దొరసానిగారి పేరండీ అమ్మగారూ. నీలం మీద వెండి హంస."

రోహీస్ అంటే దొరగారి మొదటి భార్య. రెండేళ్ళు కాపురం చేసి, కొడుకు హేమన్‌ని కని పోయింది. ఆమె కుక్కను వెంటేసుకుని తిరిగేదని దివాణంలో ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇడోనీ మొహంలో నవ్వు వెంటనే పోలేదు. నిన్న చుబుకం గురించి ఈ పరాయి మనిషితో మాట్లాడిన మాటలన్నీ గుర్తొచ్చి చెవులు భగ్గుమన్నాయి.

"మీరు నాతో ఎందుకు చెప్పలేదు?" అంది భర్తతో.

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు? నాకు కుక్క వద్దని నేను పోట్లాడుతుంటే పక్కన కూర్చుని రొట్టె తింటున్నారు!"

అరుపు విని పక్కగదిలోంచి హేమన్ వచ్చాడు. ముప్పై మూడేళ్ళ వాడు. తల్లిని పోగొట్టుకున్న మూడేళ్ళ పిల్లాడిగా ఇడోనీ చేతికొచ్చాడు. మశూచి వస్తే నెలరోజులు వాడి చేతులు పట్టుకుని కూర్చుంది, మొహం గోక్కోకుండా.

"ఏమైంది పిన్నీ?" అని అడిగి, జవాబు రాకముందే విషయం అర్థమైనట్టు శిల్పి వైపు చూశాడు. "ఓహో. ఇందులో కోపం దేనికి? ఈ హార్ల్స్‌బీ భూములు మా అమ్మవి. ఆ చర్చి కట్టించింది మా తాతలు. అక్కడ ఆవిడ కాక ఇంకెవరుంటారు?"

"నీకు పాలల్లో రొట్టె మెదిపి తినిపించినప్పుడు ఈ లెక్క చెప్పలేదేం నాయనా?"

"అది వేరు, ఇది వేరు పిన్నీ. నిన్ను కాదన్నామా? రేపు నీకూ ఒక పలక వేయిస్తాం."

"పలక!" అంది అమబెల్ లేచి నిలబడి. "అన్నయ్యా, నీకు సిగ్గులేదూ?"

"నువ్వు మధ్యలో మాట్లాడకు."

వారిన్ దొర కప్పు కింద పెట్టాడు. "అందరూ ఊరుకోండి. ఇడోనీ, విను. నేను మా ఇంట్లో మూడోవాణ్ణి. మా నాన్న నాకిచ్చింది ఒక గుర్రం, ఒక కత్తి. రోహీస్‌ని చేసుకున్నాకే నన్ను దొర అన్నారు. వందేళ్ళ తర్వాత ఆ చర్చికి ఎవడైనా వస్తే, వీడెవడు, ఏ హక్కుతో ఇక్కడ దొరయ్యాడు అని అడక్కూడదు. ఆ హంసని చూడగానే తెలియాలి."

"ఓహో. హక్కుపత్రం పక్కన పెట్టుకుని పడుకుంటారన్నమాట."

"బతికున్నన్నాళ్ళూ నీతోనే ఉన్నానుగా. ముప్పై ఏళ్ళు నువ్వు తీసుకున్నావు. రాతిలో ఆమెకి వదిలెయ్యరాదూ?"

ఆ మాట ఆయన మెత్తగానే అన్నాడు. అందుకే ఇడోనీకి అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ముప్పై ఏళ్ళు తను తీసుకుందట. ఇవ్వడం అనేది ఆ ఇంట్లో ఎవరి లెక్కలోనూ లేదు.

థర్‌స్టన్ మంచివాడు. తన పని వల్ల ఇల్లు రగులుకుందని బాధపడ్డాడు. "అమ్మగారూ, కోప్పడకండి. సమాధి పక్కల వరసగా చిన్న బొమ్మలుంటాయి, జానెడేసి, దుఃఖిస్తున్నట్టు చేతులు జోడించి. బంధువులవీ పిల్లలవీ. అక్కడ మీ బొమ్మ చక్కగా చెక్కుతాను, మొహం మీదే ఉండేట్టు. అమబెల్ అమ్మాయిగారిదీ చెక్కుతాను. పోయిన పిల్లలుంటే చెప్పండి, వాళ్ళనీ పెడతాం."

"ఇద్దరున్నారు," అన్నాడు దొర, దారి దొరికినట్టు. "జెర్వేస్, పియర్స్. ఎనిమిదేళ్ళవాడు, నాలుగేళ్ళవాడు. మహమ్మారి తగిలి పెద్ద చావులొచ్చిన ఏడు పోయారు. ఇడోనీ, నీ బొమ్మ వాళ్ళ మధ్యలో పెడతాడు. వాళ్ళు పడుకున్నదీ ఆ వేదిక మెట్టు కిందేగా. పిల్లల పక్కనే ఉన్నట్టుంటుంది నీకు."

ఇడోనీ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"వాళ్ళు మెట్టు కింద ఉన్నారని మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేమిటి? దొర బిడ్డలు ఇంకెక్కడుంటారు?"

"పంతొమ్మిదేళ్ళుగా ఆ మెట్టు దగ్గర మోకరించి ప్రార్థన చేస్తున్నారు. ఏనాడైనా నన్నడిగారా, ఎక్కడ పెట్టావే అని?"

ఇడోనీ ఆగలేదు.

"మీరు సముద్రం అవతల కలే అనే కోటకి కాపలా ఉన్నారు. ఇక్కడ నాలుగు వారాల్లో సగం ఊరు పోయింది. చర్చి గురువుగారు పోయారు. రాతిపనివాళ్ళు పోయారు. ఆ మెట్టు బండ లేపాలంటే ఆరుగురు మగవాళ్ళు కావాలి. ఊళ్ళో లేచి నిలబడగలిగిన మగవాళ్ళు ఆరుగురు లేరు. జెర్వేస్ మంగళవారం పోయాడు, చిన్నాడు గురువారం. చర్చి వెనక ఉత్తరం వైపు ఒకే ఒక్క గొయ్యి. దుక్కి దున్నేవాళ్ళ పిల్లలు, చాకలి పిల్లలు, పాలేరు ముసలాడు, అందరూ అందులోనే. నేనే దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళాను. నేనే దింపాను."

"నాతో చెప్పలేదేం?" అన్నాడు దొర.

"మొదటి ఏడు సిగ్గేసింది. మీ కొడుకుల్ని పాలేర్లతో కలిపి పెట్టానని ఏ మొహంతో చెప్పను? మీరేమంటారోనని భయం. ఆ తర్వాత మీరే అడుగుతారని చూశాను. అడిగితే చెబుదామని. చూస్తూనే ఉన్నాను."

ఆదివారాలు పూజ అయ్యాక ఆమె చర్చి వెనక్కి వెళితే, బిచ్చగాళ్ళకి రొట్టెలు పంచడానికని అందరూ అనుకునేవారు. పంచేది కూడా. కానీ ముందు ఆ గడ్డిలో నిలబడి, తర్వాత పంచేది. తను మాత్రం ఏం తక్కువ తప్పు చేసింది? కన్నతల్లి అయ్యుండి ఆ బిడ్డలు ఉన్నచోటు గురించి సిగ్గుపడింది. తండ్రి ఉత్తనేలకి మొక్కుతుంటే, పంతానికి, నోరు మూసుకు చూసింది. ఆ సంగతి ఇప్పుడే, ఈ గదిలో, తన గొంతు తను వింటుంటే తెలిసింది.

ఆమె ఇంకేమీ అనకుండా వంటింటి వైపు వెళ్ళిపోయింది. శుక్రవారం మాంసం ముట్టరు కదా, ఉప్పుచేపలు నానాయో లేదో చూడాలి.

మధ్యాహ్నం పెద్దసావడిలో అందరూ భోజనాలకి కూర్చున్నారు. పై బల్ల దగ్గర దొర, ఇడోనీ, హేమన్, అతని భార్య, అమబెల్, దివాణం గురువు ఫాదర్ ఆన్సెల్. కింది బల్లల దగ్గర పనివాళ్ళు. థర్‌స్టన్‌ని చివర్లో కూర్చోబెట్టారు. ఆ వార్త అప్పటికే వంటవాడి దాకా పాకింది.

వారిన్ దొర ఒక్క ముద్ద కూడా తినలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చివరికి బల్ల మీద అరచేయి ఆనించి లేచాడు.

"థర్‌స్టన్! రాయి వెడల్పు చెయ్యి. అది చాలకపోతే వేరే రాయి తెప్పించు. నాకు కుడివైపు రోహీస్, ఎడమవైపు ఇడోనీ. గోధుమపనల చిహ్నంతో. చుబుకం ఆవిడ ఎలా చెబితే అలా."

"నాన్నగారూ," అన్నాడు హేమన్ పళ్ళు బిగించి. "వేదిక పక్కన అంత చోటు లేదు."

"ఉన్న చోటులోనే ఇరుక్కుంటాను. నువ్వు తిను."

కింది బల్లల నుంచి మెచ్చుకోలుగా ఒక గొణుగుడు లేచింది. అమబెల్ కళ్ళు తుడుచుకుని తల్లి భుజం మీద చెయ్యి వేసింది. అందరూ ఇడోనీ వైపు చూస్తున్నారు, ఆమె కృతజ్ఞత కోసం.

ఇడోనీ చేపముల్లు పళ్ళెం అంచున పెట్టి, వేళ్ళు తుడుచుకుంది. లేవలేదు. గొంతు పెంచలేదు.

"నాకోసం రాయి వెడల్పు చెయ్యక్కర్లేదు. అందరూ ఉన్నారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను. నేను పోయాక నన్ను చర్చి వెనక ఉత్తరం వైపు పెట్టండి, ఆ గోతి అంచున, మట్టిలో. బొమ్మ వద్దు, పలక వద్దు. భార్య అయినా సరే, తనని ఎక్కడ పూడ్చాలో తనే చెప్పుకోవచ్చని చర్చి చట్టంలోనే ఉందిట. ఇందాక ఫాదర్‌ని అడిగాను. భోజనాలయ్యాక ఆయన కాగితం రాస్తారు, నేను ముద్ర వేస్తాను."

ఫాదర్ ఆన్సెల్ తల దించుకుని, "అవును, ఆమెకా హక్కుంది," అన్నాడు.

"అయితే నన్నూ అక్కడే పెట్టండి," అన్నాడు వారిన్ దొర. ఆ మాట చిన్నపిల్లాడు అడిగినట్టు వచ్చింది. గడ్డం మీదకి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "నా పిల్లలు కారా వాళ్ళు?"

ఇడోనీ భర్త వైపు తిరిగింది. ఆ ముసలి మొహం చూసి ఆమెకి జాలి కలిగింది. ముప్పై ఏళ్ళలో అదొక్కటే ఇంకా అరిగిపోలేదు.

"మీరు దొరండి. మీ చోటు మీకు సిద్ధమవుతోంది, రోహీస్ అక్క పక్కన. దాన్ని మార్చొద్దు, హేమన్‌తో తగువు పెట్టుకోవద్దు," అంది. "రేపు పొద్దున పూజ అయ్యాక ఆ గడ్డిలోకి తీసుకెళ్ళి చూపిస్తాను. చూడ్డానికి రండి. అంతవరకే."