తుంగమడుగుకు బయలుదేరిన బంగారం

విరజాపుర రాజ్యానికి ఉత్తరపు అంచున తుంగమడుగు అనే పెద్ద చిత్తడినేల ఉండేది. అక్కడి తుంగలో, రెల్లులో కొంగలు, సారసాలు, నీటిబాతులు లెక్కలేనన్ని గూళ్ళు కట్టుకునేవి. కత్తికొండ మీదినుంచి దిగే సెలయేరే ఆ మడుగుకు ప్రాణం. ఒక ఏడు ఆ సెలయేరు ఉన్నట్టుండి ఆగిపోయింది. మడుగు బీటలు వారింది. పిట్టలు ఎటో ఎగిరిపోయాయి. తమను తినే పిట్టలు లేకపోవడంతో మిడతలు మబ్బుల్లా వచ్చి పైరు మీద పడ్డాయి. పల్లెల్లో పసివాళ్ళు ఆకలికి చచ్చిపోసాగారు.

రాజు సుధన్వుడు వయసులో చిన్నవాడే అయినా ఆలోచన ఉన్నవాడు. పిట్టలకు చోటు లేకపోతే మనుషులకు తిండి ఉండదని గ్రహించి, తమ మడుగునో అడవినో మళ్ళీ బతికించుకునే ఊళ్ళకు ఖజానా నుంచి సాయం ఇస్తానని చాటింపు వేయించాడు. మడుగు ఒడ్డునున్న రెల్లుపాడు అన్ని ఊళ్ళకంటే ముందు సాయం కోరింది. ఆ ఊరి పెద్ద కేతన్న సభకు వెళ్ళి, ఆ సొమ్ముతో బావులు తవ్వి మడుగుకు నీరు పెడతామనీ, తుంగ నాటుతామనీ, అక్కడ ఎవరూ వేటాడకుండా కాపలా కాస్తామనీ మాట ఇచ్చాడు.

బంగారం బండ్లు బయలుదేరాయి కాని రెల్లుపాడు చేరలేదు. వెంట వెళ్ళిన సైనికులూ తిరిగి రాలేదు. మళ్ళీ పంపిన బండ్ల గతీ అంతే అయింది. సైనికులే సొమ్ముతో పారిపోయారని కొందరన్నారు. పల్లెవాళ్ళు వాళ్ళను చంపి పాతిపెట్టారని కొందరన్నారు. సేనాపతి రణకేతు ఈ రెండో మాట నమ్మి, కేతన్నను గొలుసులతో కట్టి తెప్పించాడు. కొరడాలతో వీపు చీల్చినా కేతన్న నేరం ఒప్పుకోలేదు. అమావాస్యలోగా బంగారం దొరక్కపోతే అతని తల తీయాలని తీర్పు వచ్చింది.

కేతన్నకు చెంగల్వ ఒక్కతే కూతురు. బరిసెతో చేపలు పొడవడంలో దిట్ట. ఆమె తిన్నగా రాజు ముందుకు వెళ్ళి నిలబడింది.

"మా నాయన దొంగ కాడు ప్రభూ. బండ్లు పోయిన దారిన నేను పోయి, ఏం జరిగిందో చూసి వస్తాను. అందాకా ఆయన మీద ఎవరి చెయ్యీ పడకుండా చూడండి."

రాజు ఒప్పుకున్నాడు. తోడుగా భటులను ఇస్తానంటే మాత్రం ఆమె వద్దంది. మరికొన్ని ఇళ్ళలో ఏడుపు వినడం ఆమెకు ఇష్టం లేదు.

కత్తికొండ అడవిలో కొంత దూరం పోగానే విరిగిన బండి చక్రాలు, ఎద్దుల ఎముకలు కనిపించాయి. ఆమె వాటిని వంగి చూస్తుండగా పొదల్లోంచి తోడేళ్ళ గుంపు వచ్చిపడింది. ఒకటి ఆమె భుజం కొరికి పట్టుకుంది. మరొకటి గొంతు కోసం ఎగిరింది. చెంగల్వ బరిసె ఎత్తి దాని గొంతులో దింపింది. రక్తం ఆమె ముఖం మీద చిమ్మింది. కిందపడి కొట్టుకుంటున్న ఆ తోడేలు ఒంటిమీది వెంట్రుకలు రాలిపోయాయి. చూస్తుండగానే అది విరజాపుర సైనికుడయింది. ఆ పడుచువాడు ఆమెను చూస్తూ ప్రాణం విడిచాడు.

 మిగిలిన తోడేళ్ళు మీదపడుతుంటే చెంగల్వ ఇక పొడవలేకపోయింది. బరిసెను తిరగేసి కర్రతో కొడుతూ, కాట్లు పడుతూ వెనక్కి జరిగింది. ఆ అలికిడికి దగ్గర్లోని గుహలోంచి, అక్కడ తపస్సు చేసుకునే ఒక ముసలమ్మ మండే కొరివితో వచ్చి వాటిని తరిమి, ఆమెను లోపలికి లాగింది. గాయాలకు పసరు పిండుతూ, ఆ తోడేళ్ళన్నీ బండ్ల వెంట వచ్చిన సైనికులేననీ, హేమభక్షుడనే రాక్షసుడు వాళ్ళను అలా మార్చాడనీ చెప్పింది.

"వాడు మింగిన బంగారం వాడి చర్మంలోకి ఎక్కుతుంది బిడ్డా. ఏ కత్తీ దిగదు. కాని అంత బరువైన ఒంటితో వాడు ఈదలేడు. నీళ్ళంటే వాడికి చచ్చేంత భయం. అందుకే పైన కనుమకు బండ అడ్డం పెట్టి సెలయేటిని ఆపేశాడు."

"వాడు చస్తే వీళ్ళందరూ మళ్ళీ మనుషులవుతారా అవ్వా?"

"బతికున్నవాళ్ళు అవుతారు."

చెంగల్వ తల దించుకుంది. ఆ సైనికుణ్ణి ఇద్దరూ కలిసి పూడ్చాక ఆమె కనుమకేసి నడిచింది.

అడ్డుబండకు ఏనుగంత అడవిపంది కాపలా ఉంది. అది చెంగల్వను చూస్తూనే దూకి కోరతో తొడ చీల్చింది. ఆమె దొర్లిపడి, బరిసెను దాని మెడకు గురిపెట్టింది. అప్పుడు కనిపించింది దాని మెడలోని ఇనుప గొలుసు. కండ కోసుకుపోయి పురుగులు పట్టాయి. గొలుసు కొస నేలలో మేకుకు బిగించి ఉంది. చెంగల్వ గురి మార్చి బరిసెను మేకు కింద దూర్చి, బలమంతా పెట్టి దాన్ని పెకలించింది.

పంది మనిషి గొంతుతో అడిగింది: "నన్ను ఎందుకు చంపలేదు?"

"ఇప్పటికే ఒకడిని తెలియక చంపాను. నీ గొలుసు చూసి కూడా చంపమంటావా?"

"అయితే ఈ బండ సంగతి నాకు వదిలెయ్. చప్పుడుకు వాడు వస్తాడు. నీళ్ళు వచ్చేదాకా వాణ్ణి కనుమలోనే ఆపగలవా?"

ఆపుతానని చెంగల్వ కనుమలోకి దిగింది. పైన పంది బండను పొడుస్తుంటే కొండంతా అదిరింది. హేమభక్షుడు అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. ఆమె విసిరిన బరిసె వాడి రొమ్ముకు తగిలి రెండు ముక్కలయింది. వాడు నవ్వి ఆమె ఎడమ చేతిని అందుకుని వేళ్ళు కొరికేశాడు. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మినా చెంగల్వ కాళ్ళ దగ్గర పడిన బరిసె ములికిని కుడిచేత్తో అందుకుంది. దాన్ని వాడి కంట్లో పొడిచింది. కన్ను మాత్రం బంగారం కాదు. వాడు నొప్పితో గోడలకు గుద్దుకుంటూ గింగిరాలు తిరిగాడు.

అప్పుడే బండ దొర్లింది. నీళ్ళు గోడలా విరుచుకుపడ్డాయి. చెంగల్వ ఒక చెట్టువేరు పట్టుకుంది. హేమభక్షుడు ఆమె కాలు దొరకబుచ్చుకున్నాడు. ఆమె రెండో కాలితో వాడి ముఖాన తన్నుతూనే ఉంది. చివరికి పట్టు జారింది. వాడు అడుగుకు మునిగి మళ్ళీ తేలలేదు.

నీళ్ళు తగ్గేసరికి పంది కొండెక్కి వెళ్ళిపోయింది, అడవిలో తోడేళ్ళు లేవు. చిరిగిన బట్టలతో సైనికులు ఒకరినొకరు తడుముకుని చూసుకుంటున్నారు. ప్రాణం పోయేసరికి రాక్షసుడి చర్మంలోని బంగారం మళ్ళీ పొట్టలోకి చేరింది; వాళ్ళు దాన్ని చీల్చి బంగారం బయటికి తీశారు. చనిపోయినవాడి పేరు సింగన అనీ, అతనికి తల్లి తప్ప ఎవరూ లేరనీ వాళ్ళ ద్వారా చెంగల్వకు తెలిసింది.

అమావాస్యకు ముందే వాళ్ళు నగరం చేరారు. జరిగింది విన్న రాజు చెరసాలకు నడిచి వెళ్ళి, కేతన్న గొలుసులు తన చేతులతో విప్పి, సభ ఎదుట క్షమించమని అడిగాడు. విందుకు రమ్మంటే చెంగల్వ ఆగలేదు. సింగన తల్లి అక్కమ్మ ఇంటికి వెళ్ళి, ఏదీ దాచకుండా చెప్పింది.

అక్కమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. తరవాత అంది: "నా కొడుకు సొమ్ముతో పారిపోయాడని ఈ వీధిలో ఎవరూ నా ముఖం చూడటం లేదు. నాకు చెప్పిన మాటే బయటికొచ్చి అందరికీ చెప్పు తల్లీ."

చెంగల్వ వీధిలో నిలబడి చెప్పింది. అక్కమ్మ అంతసేపూ ఆమె చెయ్యి పట్టుకునే ఉంది.

రాజు ఉత్తర సీమకు చెంగల్వను ఏలికగా నియమించాడు. నీళ్ళు వచ్చినంత మాత్రాన మడుగు బాగుపడలేదు. ఖజానా బంగారంతో పూడిక తీయించి, కాలువలు సరిచేయించి, తుంగ నాటించారు. మరుసటి వానలకు సారసాలు దిగాయి. మిడతల బెడద తీరింది. ఇంకో ఊరికి సాయం బయలుదేరినప్పుడల్లా బండ్ల ముందు చెంగల్వ గుర్రం నడిచేది.

అక్కమ్మ రెల్లుపాడుకు వచ్చి గూళ్ళ కాపలాకు కుదిరింది. ఒకసారి సేనాపతి రణకేతు విల్లు పట్టుకుని బాతుల వేటకు వస్తే, ఇవి నా కొడుకు ప్రాణం పెట్టిన పిట్టలు, వెనక్కి పొమ్మంది. ఆయన విల్లు దించి, ఆమెకు నమస్కరించి వెళ్ళిపోయాడు.