జిగురు గదిలో దూదిపోగులు

లాలాగూడలో రైలు పట్టాల పక్కనున్న కార్ఖానాలో జిగురు గది అంటే అందరికీ హడలే. చీకటి పడితే లోపల ఎవరో మూలుగుతారట... గుమ్మానికి కట్టిన తడి దుప్పటి గాలి లేకుండానే ఊగుతుందట. అసలు జరిగిందేమిటో, పేర్లు మరచిపోకముందే చెప్పేస్తాను.

అది పందొమ్మిది వందల నలభై ఎనిమిది వానాకాలం. నిజాం మీదికి ఇండియా సైన్యం వస్తుందని, బాంబులు పడతాయని ఒకటే పుకార్లు.

ఆ గదిలో బట్ట మీద బట్ట పరిచి, లక్క జిగురు పూసి, వేడిగా నొక్కి కరెంటు బోర్డులకు పలకలు చేసేవారు. పొరల మధ్య నలుసు పడితే పలక ఉబ్బి చీలేది. అందుకే కిటికీలకు కాగితాలు అంటించి, దుమ్ము ఆపడానికి గుమ్మానికి తడి దుప్పటి కట్టారు. దాని ముందు నీళ్ల తొట్టి. పాదాలు కడగనిదే ఎవరూ లోపలికి రాకూడదని గోడ మీద బోర్డు. కింద సూపర్‌వైజర్ జకర్యా సంతకం, బోర్డంత పొడుగు.

అయినా మూడు పలకలు చీలాయి. లోపల చూస్తే తెల్లని పోగులు.

"నీ కొంగుదే సలోమీ," అన్నాడు జకర్యా. "ఇంకొక్కటి చెడితే పనిలోంచి తీసేస్త."

బట్టలు పరిచే సలోమి పని పోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

"పోయినేడు చచ్చిన మేస్త్రీ దెయ్యమైండు అక్కా," గుసగుసలాడింది తోటి కూలీ బుచ్చమ్మ.

"బతికున్నప్పుడే టైముకు రాకపాయె. చచ్చినంక రాత్రి డ్యూటీనా?"

అని నవ్వింది సలోమి.

ఆ పోగులు ఎక్కడివో తేల్చుకుందామని ఆ రాత్రి లాంతరు పట్టుకొని ఒక్కతే వచ్చింది. తడి దుప్పటి ఊగుతోంది... లోపల మూలుగు. అయినా అలవాటు కొద్దీ తొట్టిలో పాదాలు కడిగింది.

నేల మీద బురద అడుగులు. దెయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. ఇవి ముందుకే ఉన్నాయి — పైగా బూట్లవి.

మూలన తెల్లటి ఆకారం... లేచి కూర్చుంది.

ఆమె లాంతరు ఎత్తింది.

చిరిగిన దూది రజాయి కప్పుకొని, జకర్యా.

"బాంబులు... ఈ గది గోడలు మందం," గొణిగాడు. "ఎవలకీ చెప్పకు."

ఆమె అతని బూట్లు చూసింది. రజాయి నుంచి రాలుతున్న దూది చూసింది. గోడ మీది బోర్డుకేసి లాంతరు తిప్పింది.

"చెప్పను సార్. జెర కాళ్లు కడుక్కోండి."

రజాయి మళ్లీ ఆ గదిలోకి రాలేదు; తర్వాతి పలకల్లో ఒక్క పోగు లేదు. ఆ వారమే సైన్యం ఊళ్లోకి వచ్చింది. భయం పోయిందని జకర్యా అందరికీ లడ్డూలు పంచాడు.

ఎవరి భయమని సలోమి అడగలేదు. రెండు తీసుకుంది.