ఏనుగు కాసుకు చింతపండు స్నానం

మన కథానాయకుడు చైతు మొదటిసారి అంబిక కంటపడినప్పుడు బోర్లా పడుకుని ఉన్నాడు. ఇంతకన్నా గొప్పగా మొదలుపెడదామంటే అతను అవకాశం ఇవ్వలేదు.

2008 మార్చి, ఆదివారం పొద్దున, కబ్బన్ పార్కు. కానుగ చెట్టు కింద, చొక్కా నిండా మట్టితో, ఒక చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసుకుని కదలకుండా పడి ఉన్నాడు. అటుగా వచ్చిన అంబికకు జాలేసింది. పర్సులోంచి రూపాయి తీసి అతని ముఖం పక్కన వేసింది.

"ఏమండీ, ఫ్రేములో రూపాయి వేశారేంటి?" అన్నాడు పడి ఉన్నవాడు.

అంబిక రెండడుగులు వెనక్కి వేసింది. "తెలుగాయనా? తాగి పడినావేమో, లేచినాక కాఫీ తాగుతావని వేసినా."

"నేను ఫొటో తీస్తున్నానండీ. ఈ పువ్వుని. గాలి ఎప్పుడాగుతుందా అని పొద్దున్నుంచీ చూస్తున్నా. ఇప్పుడే ఆగింది, మీ రూపాయి పడింది. అదిరిపడి నొక్కేశాను."

"చూపీ."

కెమెరా వెనక చిన్న తెర మీద రాలిన కానుగ పువ్వు, లేత ఊదారంగులో, పక్కన రూపాయి అంచు. రేకు మీది గీతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

"బాగుండాదే. రూపాయి లేకుంటే ఇది పువ్వో, గోబీ మంచూరియో తెలిసేది కాదు. థాంక్స్ చెప్పు," అంది అంబిక.

"నేనెందుకు చెప్పాలి? డిస్టర్బ్ చేసింది మీరు."

"పార్కులో అడ్డంగా పండుకునింది నువ్వు."

ఈ తగాదా చెట్టు కింద మొదలై, గేటు బయట మసాలా పూరీ బండి దగ్గరికి వచ్చేసరికి పరిచయం అయిపోయింది. చైతుది తెనాలి. ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో మకాం. ఇతరుల తప్పులు వెతికినందుకు జీతం. చిన్నవాటిని పెద్దగా చూపించే లెన్స్ కొనే తాహతు లేక, మామూలు లెన్సునే వెనక్కి తిప్పి, కెమెరాకు చేత్తో అదిమి పట్టుకుని ఫొటోలు తీస్తాడు. పనిచేస్తుంది. కాకపోతే వెంట్రుకవాసి మేర మాత్రమే స్పష్టంగా వస్తుంది, మిగతాదంతా మంచు. ఫోకస్ కుదరాలంటే మనిషే ముందుకో వెనక్కో జరగాలి. ఊపిరి పీల్చినా చెడిపోతుంది.

"నాణేలు తీస్తావా?" అంది అంబిక.

"పూలు, నాణేలు, చీమలు, ఏదైనా. కదలకపోతే చాలు."

"చీమలు కదలవా?"

"కదులుతాయి. అందుకే ఒక్కటీ సరిగా రాలేదు."

అంబిక నవ్వింది. వాళ్ళ తాత దగ్గర పాత ఏనుగు కాసు ఉందని, దాన్ని ఫొటో తీసేవాళ్ళ కోసం ఆయన వెతుకుతున్నాడని చెప్పి, కాటన్‌పేట ఇంటి గుర్తులు చెప్పింది. రూపాయి సంగతి ఆమె అడగలేదు. చైతు దాన్ని కెమెరా బ్యాగులో వేసుకున్నాడు.

కాటన్‌పేటలో వాళ్ళది కింద పరుపుల దుకాణం, పైన ఇల్లు. అంబిక అమ్మానాన్నలు దుకాణం చూసుకుంటారు. పై అంతస్తులో రాజ్యం తాత వెంకటరాయప్పది, రాజ్యాంగం అవ్వ అక్కయమ్మది.

తాత ఒక మఖమల్ గుడ్డ విప్పాడు. లోపల మైసూరు రాజుల కాలపు రాగి కాసు. దాని మీద తొండం ఎత్తిన చిన్న ఏనుగు. కాసంతా ముదురు గోధుమరంగు దాటి నల్లబారిపోయి ఉంది.

"ఈ నలుపు ఉండాదే, ఇదే దీని వయసప్పా," అన్నాడు తాత. "తుడిస్తే వయసు పోతాది. నేను పుట్టినప్పట్నుంచీ దీన్ని ఎవురూ రుద్దలేదు. నువ్వు తాకొద్దు. అంబిక అంచులు పట్టుకుంటాది, నువ్వు తియ్యి."

కిటికీ దగ్గర వెలుతురులో అంబిక రెండు వేళ్ళతో కాసును పట్టుకుంది. చైతు తిప్పిన లెన్సుతో బెత్తెడు దూరానికి వచ్చాడు.

"ఊపిరి బిగపట్టండి."

"నేనెందుకు?"

"మీరు పీలిస్తే చెయ్యి కదుల్తుంది. నేను పీలిస్తే కెమెరా కదుల్తుంది."

ఇద్దరూ బిగపట్టారు. అంత దగ్గరగా ముఖాలు పెట్టుకుని ఒకేసారి ఊపిరి ఆపి, ఒకేసారి వదిలే ఇద్దరికి ఏమవుతుందో మీకు చెప్పనవసరం లేదు. ఎదురుగా కూర్చున్న తాతకు మాత్రం ఏనుగు తప్ప ఏమీ కనిపించలేదు.

చివర్లో అంబిక ఊపిరి ఆపుకోలేక తుమ్మింది. చైతు ఉలిక్కిపడి బటన్ నొక్కేశాడు. వంటింట్లోంచి అవ్వ కేక వేసింది.

"తుమ్మిందెవురు? ఆపండప్పా. కూచోని, నీళ్ళు తాగి, మళ్ళ మొదలుపెట్టండి."

కూర్చున్నారు, నీళ్ళు తాగారు, అవ్వ పెట్టిన ఒబ్బట్టు తిన్నారు. ఇక ఫొటోలు ఎవరికీ గుర్తురాలేదు.

పీజీకి వెళ్ళి కంప్యూటర్లో తెరిచి చూసుకుంటే చైతుకు చెమట పట్టింది. తెరిచిన ప్రతి ఫొటోలోనూ ఏనుగు మంచులో తప్పిపోయింది. అంబిక బొటనవేలు మాత్రం అద్భుతంగా వచ్చింది. గోటి మీద సగం అరిగిన గోరింటాకు, కణుపు దగ్గర దోసె పెనం చురక పెట్టిన చిన్న మచ్చ. చివరిదైన తుమ్ము ఫొటో ఎలాగూ దండగేనని తెరవనైనా తెరవలేదు.

తర్వాతి ఆదివారం జాగ్రత్తగా తీశాడు. ఈసారి చూపుడువేలు ఇంకా బాగా వచ్చింది.

కెమెరా మీద నెపం వేయడానికి లేదు. ముందుకూ వెనక్కూ జరిగేది చైతే, ఎక్కడ బాగుందనిపిస్తే అక్కడ ఆగేదీ చైతే. కోడ్‌లో తప్పు ఎక్కడుందో చిటికెలో పట్టేవాడికి, ఇది ఎక్కడుందో పట్టుకోవడానికి మాత్రం రెండు ఆదివారాలు కావలసి వచ్చింది. అతనికి అంబిక అంటే ప్రేమ. ఫొటోలన్నీ, చిట్టచివర ఆ తుమ్ము ఫొటోతో సహా, ఒక సీడీలో వేసుకుని, బ్యాగులో మోస్తూ, "సరిగా రాలేదండీ, మళ్ళీ వస్తాను" అని చెప్పుకుంటూ తిరిగాడు.

ఆ మళ్ళీ వచ్చినప్పుడే అంబిక చెప్పింది, కాసు పట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఉగాదికి హోసూరు నుంచి వస్తాండారు. నన్ను చూసేకి. కుదిరితే ఆ పొద్దే తాంబూలాలు."

చైతు కెమెరా దించాడు.

"మా ఇంట్లో ఆడపిల్ల తాంబూలంలో ఈ కాసు పెడతారు," అంది ఆమె. "మా అత్త తాంబూలంలో పెట్టినా, ఆమె నాలుగిండ్ల అవతలే ఉండాది కాబట్టి కాసు వెనక్కి వచ్చేసింది. ఈసారి నాతోపాటే హోసూరు పోతాది. పోయినాక చూసుకునేకి తాతకి ఫొటో కావాల."

"మీకు ఇష్టమేనా?"

"అడగాల్సినోళ్ళు అడిగితే చెప్తా."

"అడిగాను కదా."

"నువ్వు ఫొటోగ్రాఫరుగా అడిగినావు."

ఇంతకన్నా ఏ అమ్మాయీ తలుపు బార్లా తెరవదు. బుద్ధున్నవాడైతే లోపలికి నడిచేవాడు. చైతు గొంతు సవరించుకుని, "లైటింగ్ బాలేదండీ. కాసు కూడా కొంచెం డల్‌గా ఉంది," అన్నాడు.

కాఫీ తెస్తున్న అవ్వ ఆగింది. "డల్ అంటే ఏమప్పా?"

"మసకగా ఉందంటున్నా మామ్మగారూ. ఏం లేదు, పర్లేదు."

"పాపం," అంది అవ్వ, కాసు వైపు చూసి. అంబిక కాసును గుడ్డలో చుట్టేసి, చైతు వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఉగాది ముందు ఆదివారం చైతు మెట్లెక్కేసరికి అవ్వ గడపలోనే ఎదురొచ్చింది. అరచెయ్యి తెరిచి చూపింది. కొత్త బిందెలా ధగధగలాడుతోంది ఏనుగు కాసు.

"చూడప్పా, ఎట్ల మెరుస్తాండాదో. చింతపండు, ఉప్పు వేసి పీచుతో బాగా రుద్దినా. ఫొటో తీసేటప్పుడు ఎవురికైనా మొగం కడగాల గదా."

అవ్వ వెనకనుంచి తాత వచ్చాడు, చూశాడు, దగ్గరున్న కుర్చీలో కూలబడ్డాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఏమి చేసినావే," అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

అవ్వ ముఖం పాలిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది.

"మామ్మగారి తప్పు లేదు తాతగారూ. మసకగా ఉందని నేనే అన్నాను," అన్నాడు చైతు.

"అయిందేమో అయిపోయె. పాత మొగం ఇంక నీ ఫొటోల్లోనే ఉండాది. అవన్నా ఇయ్యప్పా."

"అవి... సరిగా రాలేదు తాతగారూ."

"ఎట్లున్నా సరే. చూసుకుంటా."

బ్యాగులో సీడీ ఉంది. ఇస్తే ఈ ఇంట్లో తన గతి ఏమిటో చైతుకు తెలుసు. నమ్మి కిటికీ దగ్గర కూర్చోబెడితే, మనవరాలి వేళ్ళు చూస్తూ కూర్చున్నావా అని మెట్ల మీంచి తోసేస్తారు. ఉగాదికి హోసూరు వాళ్ళు నిశ్చింతగా వచ్చి వెళ్తారు. ఇవ్వకపోతే, కళ్ళ ముందు ముసలాయన తన కాసును పూర్తిగా పోగొట్టుకుంటాడు. గోడ దగ్గర అవ్వ ఇంకా కొంగు తియ్యలేదు. చైతు ఇక ఆలోచించలేదు. సీడీ తీసి అంబిక చేతిలో పెట్టాడు.

"సారీ," అన్నాడు ఆమెకు మాత్రమే వినపడేలా.

అంబిక సీడీ వేసిన ఇంటి కంప్యూటర్ ముందు తాత భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. మొదటి ఫొటో. ఏనుగు లేదు, బొటనవేలు ఉంది. రెండోది, అదే. ఆ తర్వాతవన్నీ అవే. బయట ఉన్నట్టుండి వాన మొదలైంది. ఎవరూ కిటికీ మూయలేదు.

"ఇదేందప్పా," అన్నాడు తాత. "కాసు మసక. వేలు ఇంత నైసుగా ఉండాది. దోసె మచ్చ కూడా కనపడతాది."

అవ్వ ముందుకు వంగి చూసింది. కొంగు నోటి మీంచి తీసేసింది. "ఈ పిల్లోడు కాసుని యాడ తీసినాడు. మన పిల్లని తీసినాడు."

తాత భూతద్దాన్ని తెర మీంచి చైతు ముఖం మీదికి తిప్పాడు. అందులో ఆయన కన్ను చాలా పెద్దగా కనిపించింది.

"నిజమా?"

"నిజమే తాతగారూ," అన్నాడు చైతు. "ఏనుగునే చూద్దామని ప్రతిసారీ అనుకుని వచ్చేవాణ్ణి. కుదర్లేదు. నాకు అంబిక అంటే ఇష్టం. తను హోసూరు వెళ్ళిపోతే నేను తట్టుకోలేను. ఇది ముందు తనకే చెప్పాలి, ధైర్యం చాల్లేదు."

"ఇప్పుడు ఎవురుగా చెప్తాండావు?" అంది అంబిక తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఫొటోగ్రాఫరుగా అయితే కాదు. ఫొటోలు చూశావుగా."

అంబిక పెదవి కొరుక్కుంది. నవ్వు ఆగలేదు. "నాకూ ఇష్టమే తాతా. ఈయప్ప నోరు తెరిచేలోపు నాకు బిడ్డలు పుట్టేస్తారేమో అనుకున్యా."

తాత మళ్ళీ తెర వైపు తిరిగాడు. చివరి ఫొటో మీద నొక్కాడు.

తెర నిండా ఏనుగు. ఎత్తిన తొండం, కంటి చుక్క, వీపు మీద అరిగిన గీత, కాలమంతా పేరుకున్న ఆ నలుపు. అంబిక వేళ్ళు మంచులో కలిసిపోయాయి.

"ఇది ఎప్పుడు తీసిందప్పా?"

చైతు కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "తను తుమ్మినప్పుడు. చెయ్యి కదిలి ఏనుగు ముందుకొచ్చినట్టుంది."

"మరే," అంది అవ్వ. "నేను ఆపకుండా ఉంటే ఇంకో రెండు వచ్చుండేవి."

తాత చాలాసేపు ఆ ఏనుగునే చూశాడు. కళ్ళు తుడుచుకుని భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"హోసూరోళ్ళకి ఏమి చెప్పేదే?"

"కాసు కడిగేసినాము, తాంబూలానికి పనికిరాదని చెప్పు," అంది అవ్వ.

"మీ అమ్మా నాయన్ని పిలుచుకొని రాప్పా," అన్నాడు తాత చైతుతో. "మీ పక్క తాంబూలంలో ఏమి పెడతారు?"

చైతుకు తెలియదు. బ్యాగు పక్క అరలో చెయ్యి పెట్టి, రూపాయి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. కబ్బన్ పార్కు మట్టి ఇంకా దాని అంచుకు అంటుకునే ఉంది.

అంబిక గుర్తుపట్టింది. "ఇది నేను వేసిన భిక్షం."

"ఆ రోజు నుంచి దాచుకున్నా. తుడవలేదు కూడా."

అవ్వ చెయ్యి చాపింది. "మట్టిగా ఉండాది గదప్పా. ఇట్ల తే, చింతపండు నానబెట్టిందే ఉండాది."

తాత చటుక్కున రూపాయిని అందుకుని మఖమల్ గుడ్డలో చుట్టేశాడు.